గది ఫోనుకు తాళం ఎంతవరకు?

హోటల్ గదిలో ఫోన్ ఎత్తితే రిసెప్షన్ పలుకుతుంది, రూమ్ సర్వీస్ పలుకుతుంది, పక్క గది కూడా పలుకుతుంది. బయటి నంబరు నొక్కితే మాత్రం ఎంగేజ్ టోన్. అతిథి కిందికి ఫోన్ చేసి "మీ ఫోన్ పాడైంది" అంటాడు. డెస్కు మీదున్న కుర్రాడు "లైన్లు బిజీగా ఉన్నాయి సార్, కాసేపాగి చూడండి" అంటాడు. నిజానికి ఫోన్ పాడవలేదు, లైన్లూ ఖాళీగానే ఉన్నాయి. ఆ గది నుంచి బయటికి కాల్ పోకూడదని ఎవరో ఎప్పుడో ఈపీఏబీఎక్స్‌లో, అంటే హోటల్ లోపలి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో, తాళం పెట్టి వెళ్లారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడా హోటల్లో లేరు.

ఈ రకం ఫిర్యాదులు సరిచేసే పనిలో నాకు చాలాకాలం గడిచింది. తాళం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఓపిక ఉంటే వచ్చేదే. దొరికాక దాన్ని తీయాలా, ఉంచాలా అన్న దగ్గరే అసలు చిక్కు. తీయమని అతిథి అడుగుతాడు, వద్దని యజమాని అంటాడు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది, కానీ అన్ని కాల్స్ విషయంలోనూ ఒకే పాళ్లలో లేదు. ఆ పాళ్లు తేల్చుకోకుండా అన్నిటికీ కలిపి ఒకే తాళం వేయడం వల్లే ఇన్ని తిప్పలు వస్తున్నాయి.

ముందు తాళం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఈపీఏబీఎక్స్‌లో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ఒక తరగతి ఉంటుంది. దీన్నే క్లాస్ ఆఫ్ సర్వీస్ అంటారు. ఒక తరగతికి ఇంటర్‌కమ్ మాత్రమే, మరొకదానికి లోకల్ కాల్స్ వరకు, ఇంకొకదానికి దేశంలోని దూరపు కాల్స్ (ఎస్టీడీ), పైదానికి విదేశీ కాల్స్ (ఐఎస్డీ). పెద్ద హోటళ్లలో ఈ తరగతిని చేత్తో మార్చరు. రిసెప్షన్ కంప్యూటర్లో చెకిన్ కొట్టగానే ఆ సమాచారం ఎక్స్ఛేంజ్‌కు వెళ్లి గది ఫోన్ తెరుచుకుంటుంది, చెకౌట్ కొట్టగానే మూసుకుంటుంది. ఈ రెండిటి మధ్య లింకు తెగితే చెకిన్ కబురు ఎక్స్ఛేంజ్‌కు చేరదు. మనిషి గదిలోనే ఉన్నా దాని లెక్కలో అది ఖాళీ గది. ఇది చాలదన్నట్టు పగలు ఒక తరగతి, రాత్రి ఒక తరగతి అని టైమ్ టేబుల్ కూడా ఉంటుంది. ఎక్స్ఛేంజ్ కార్డు మీదున్న చిన్న బ్యాటరీ అయిపోయిందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు దాని గడియారం ఎక్కడికో పోతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు రాత్రి తాళం పడుతుంది. బ్యాటరీ మార్చి టైము సరిచేస్తే తీరిపోయే దానికి కార్డులే మార్పించిన చోట్లు ఉన్నాయి.

మన దేశంలో ఈ తాళాల సంగతి ఒక్కసారిగా బయటపడింది 2021 జనవరి 15న. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే ప్రతి కాల్‌కూ ముందు సున్నా చేర్చాలన్న నిబంధన ఆ రోజు అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మన ప్రాంతపు మొబైల్‌కు నేరుగా పది అంకెలు నొక్కితే సరిపోయేది. సున్నా వచ్చిందంటే దూరపు కాల్ అని అర్థం. హోటళ్లలో ఎస్టీడీ తాళాలు ఎక్కువగా ఆ లెక్కమీదే వేసినవి: బయటి లైను తీసుకున్నాక మొదటి అంకె సున్నా అయితే ఆపెయ్. కొత్త నిబంధనతో పక్క వీధిలో ఉన్న మొబైల్‌కైనా మొదటి అంకె సున్నాయే. అలాంటి తాళం ఉన్న ప్రతి గది నుంచీ మొబైల్ కాల్స్ ఆగిపోయాయి. హోటల్లో ఎవరూ ఏమీ మార్చలేదు, మారింది బయటి లోకం.

సరిచేయబోతే ఇంకో ముడి ఎదురవుతుంది. మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కదా, సున్నా తర్వాత ఆ అంకెలు వస్తే వదిలేద్దాం అనుకుంటాం. కానీ విజయవాడ కోడ్ 0866, విశాఖ 0891, తిరుపతి 0877. ఇవన్నీ సున్నా ఎనిమిదే. పోనీ అంకెల సంఖ్య చూద్దామంటే అటు ల్యాండ్‌లైన్, ఇటు మొబైల్, సున్నాతో కలిపి పదకొండే. మొదటి రెండంకెలు చూసి ఏది ఎస్టీడీయో ఏది మొబైలో తేల్చే దారి ఎక్స్ఛేంజ్‌కు లేదు. పైగా ఎన్నో ప్లాన్లలో ఇప్పుడు లోకల్‌కూ ఎస్టీడీకీ చార్జీలో తేడా లేదు. అందుకే ఎస్టీడీ తాళానికి కాలం చెల్లిందని నా అభిప్రాయం. సున్నా తర్వాత మళ్లీ సున్నా వస్తే విదేశీ కాల్, దాన్ని ఒక్కదాన్నే ఆపితే చాలు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. చాలా హోటళ్లలో బయటి లైను తీసుకోవడానికి కూడా సున్నాయే. అతిథి ఒక సున్నా లైను కోసం, ఇంకో సున్నా మొబైల్ కోసం నొక్కి తర్వాత పది అంకెలు కొడతాడు. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు నిషేధాల పట్టికను లైను తీసుకున్న తర్వాతి అంకెల నుంచి చూస్తాయి. కొన్ని మొదటి సున్నాను కూడా కలుపుకొని చూస్తాయి. రెండో రకంలో "00 ఆపు" అని రాస్తే విదేశీ కాల్స్‌తో పాటు దేశంలోని మొబైల్ కాల్స్ అన్నీ ఆగిపోతాయి. అక్కడ మూడు సున్నాలు రాయాలి. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసే కాల్స్‌కు కూడా సున్నా, ఎస్టీడీ కోడ్ ముందు చేర్చాలని సిఫారసు చేసింది. ఆ మార్పు అమలైన చోట, సున్నాను చూసి ఆపే పాత తాళం ఊళ్లోని ల్యాండ్‌లైన్ కాల్స్‌ను కూడా ఆపేస్తుంది.

తాళం ఎక్కడుందో కనిపెట్టడానికి పరికరాల కంటే చెవి ముఖ్యం. కాల్ ఆగిందన్నది అందరూ చెబుతారు, ఏ అంకె దగ్గర ఆగిందన్నది ఎవరూ చెప్పరు. గదిలోకి వెళ్లి మెల్లగా, ఒక్కో అంకె నొక్కుతూ వినాలి. లైను కోసం నొక్కిన సున్నాకే ఎంగేజ్ టోన్ వస్తే ఆ ఎక్స్‌టెన్షన్‌కు బయటి లైన్ల అనుమతే లేదు, లేదా లైన్లన్నీ నిజంగానే బిజీ. అదే సమయంలో రిసెప్షన్ ఫోన్ నుంచి లైను దొరికితే రెండోది కాదని తేలిపోతుంది. లైను దొరికి, రెండో మూడో అంకె దగ్గర టోన్ మారితే నిషేధాల పట్టిక అడ్డుపడింది. అంకెలన్నీ తీసుకుని, ఒక క్షణం ఆగి, అప్పుడు రికార్డు చేసిన గొంతు వినిపిస్తే హోటల్ తాళం దాటిపోయినట్టే, ఆపింది టెలిఫోన్ కంపెనీ. పీఆర్ఐ అనే డిజిటల్ లైనైతే ఎక్స్ఛేంజ్ ట్రేస్‌లో కారణం సంఖ్య కూడా కనిపిస్తుంది. 21 అంటే అవతలివాళ్లు తిరస్కరించారు, 28 అంటే నంబరు రూపం సరిగా లేదు, 34 అంటే ఖాళీ చానెల్ లేదు. ఐపీ మీద నడిచే సిప్ లైన్లలో 403 వస్తే అనుమతి లేదని, 484 వస్తే అంకెలు తక్కువయ్యాయని. ఈ వరుస పాటిస్తే ఎక్కువ ఫిర్యాదుల్లో తాళం ఎవరి చేతిలో ఉందో తొందరగానే తెలుస్తుంది.

ఇప్పుడు యజమాని వైపు మాట. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. గది నుంచి వెళ్లిన ప్రతి కాల్‌కూ టెలిఫోన్ కంపెనీ బిల్లు హోటల్‌కే వస్తుంది. అతిథి డబ్బు కట్టకుండా వెళ్లిపోవచ్చు. ఖాళీ గదిలోకి వెళ్లి ఎవరైనా గంటల తరబడి మాట్లాడవచ్చు. గది అద్దె మాత్రమే ఇస్తాం, మిగతావి అతిథే కట్టుకుంటాడని రాసి పంపే కంపెనీలు ఉంటాయి. అలాంటప్పుడు డిపాజిట్ లేకుండా ఫోన్ తెరవలేమని రిసెప్షన్ అంటే తప్పు పట్టలేం. బిల్లింగ్ తగవులు కూడా ఉన్నాయి. పాత అనలాగ్ లైన్లలో అవతలివాళ్లు ఎత్తిన క్షణం ఎక్స్ఛేంజ్‌కు తెలియాలంటే లైను మీద పొలారిటీ రివర్సల్ రావాలి. అది లేని చోట కొన్ని సెకన్లు చూసి, కాల్ కలిసిందనుకుని బిల్లు మొదలుపెడతారు. మోగి మోగి ఆగిపోయిన కాల్‌కు కూడా చెకౌట్‌లో డబ్బు అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది. నెలకు నాలుగు రూపాయలు రాని ఫోన్ కోసం ఈ గొడవంతా ఎందుకని తాళం వేసేవాళ్లు ఉన్నారు. మొబైల్ వచ్చాక గది ఫోన్ మీద హోటళ్లకు వచ్చే ఆదాయం పడిపోయింది కాబట్టి దాని మీద ఖర్చు పెట్టబుద్ధి కాకపోవడమూ అర్థం చేసుకోదగ్గదే.

వీటన్నిటికంటే పెద్ద భయం మోసగాళ్లది. వాళ్లు హోటల్‌కు రారు. బయటి నుంచి ఎక్స్ఛేంజ్‌లోకి దూరుతారు. వాయిస్ మెయిల్‌కు 0000, 1234 లాంటి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినా, బయటి నుంచి ఫోన్ చేసి హోటల్ లైను వాడుకునే డీఐఎస్ఏ సౌకర్యం తెరిచి ఉంచినా, ఐపీ ఎక్స్ఛేంజ్‌ను ఇంటర్నెట్ వైపు కాపలా లేకుండా పెట్టినా దారి దొరుకుతుంది. ఆ దారిన విదేశాల్లోని ఖరీదైన నంబర్లకు వరసగా కాల్స్ పంపి, ఆ చార్జీల్లో వాటా తీసుకుంటారు. రాత్రిళ్లు, పండగ సెలవులు ఎంచుకుంటారు. నెలాఖరుకు బిల్లు వచ్చినప్పుడు కాల్స్ మీ లైన్ల నుంచే వెళ్లాయని టెలిఫోన్ కంపెనీ అంటుంది. ఆ మాటా నిజమే.

అయితే ఈ భయాన్ని చూపించి గది ఫోన్లకు తాళం వేయడం దగ్గర నేను యజమానితో విభేదిస్తాను. ఆ కాల్స్ గదుల నుంచి వెళ్లవు. గదులన్నిటికీ తాళం వేసి, వాయిస్ మెయిల్ పాస్‌వర్డ్ 1234 గానే వదిలేస్తే దొంగకు పోయేదేమీ లేదు, ఇబ్బంది పడేది అతిథి ఒక్కడే. విదేశీ కాల్స్‌ను టెలిఫోన్ కంపెనీ దగ్గరే ఆపించాలి, లేదా రోజుకింత అని పరిమితి పెట్టించాలి. డీఐఎస్ఏ తీసేయాలి. పాస్‌వర్డ్‌లు మార్చాలి. తాళం పడాల్సిన చోటు అది.

అతిథి వైపు వాదన "జేబులో మొబైల్ ఉందిగా" అన్న ఒక్క మాటతో కొట్టిపారేసేది కాదు. మొబైల్ పోగొట్టుకున్నవాడికి, చార్జింగ్ అయిపోయినవాడికి, విదేశం నుంచి దిగి ఇంకా సిమ్ తీసుకోనివాడికి గది ఫోనే దిక్కు. తిరుమల ఆలయంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఇంటిల్లిపాదీ ఫోన్లు ఒకరి చేతిలో పెట్టి దర్శనానికి వెళ్తారు. తిరుగుదారిలో తప్పిపోయి ఒంటరిగా గదికి చేరిన పెద్దాయనకు కొడుకు నంబరు కంఠతా వచ్చు, చేతిలో ఫోనే లేదు. ఆయన గది ఫోన్ ఎత్తి ఆ నంబరు నొక్కితే వచ్చేది ఎంగేజ్ టోన్. తాళం ఉందని చెప్పే గొంతు కూడా లేకపోవడం వల్ల కొడుకే ఎవరితోనో మాట్లాడుతున్నాడని అనుకుని, మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంటాడు. ఆపడం కంటే, ఆపామని చెప్పకపోవడమే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

హోటల్ ఫోన్ యజమాని ఇష్టానికి వదిలేయవచ్చా అన్న ప్రశ్న అమెరికాలో ఎప్పుడో వచ్చింది. గదుల నుంచి వెళ్లే దూరపు కాల్స్‌ను హోటళ్లు తమకు ఒప్పందమున్న ఆపరేటర్ల వైపే మళ్లించి, అతిథి తనకు నచ్చిన కంపెనీని 800 టోల్‌ఫ్రీ నంబరు ద్వారా అందుకోకుండా ఆపేవి. 1990లో వచ్చిన చట్టం ఆ అడ్డు తీసేయించింది. ఫోన్ దగ్గరే వివరాలు రాసి పెట్టాలని కూడా చెప్పింది. విదేశీ కాల్‌కు హోటల్ డబ్బు తీసుకోవడం తప్పని ఆ చట్టం అనలేదు. హోటల్‌కు ఖర్చు లేని దారిని కూడా మూసేయడం తప్పంది. ఆ గీత సరైన చోటే గీశారని నేను అనుకుంటాను. మన 1800 టోల్‌ఫ్రీ నంబర్లకూ అదే వర్తించాలి. బ్యాంకు కార్డు పోగొట్టుకున్న అతిథి దాన్ని ఆపించడానికి చేసే కాల్ హోటల్‌కు పైసా ఖర్చు కాదు. అయినా ఒకటితో మొదలయ్యే నంబర్లన్నీ ఆపేసిన పట్టికల్లో అది కూడా కొట్టుకుపోతుంది.

ఇంతవరకు డబ్బు, సౌకర్యం మాట. ప్రాణం దగ్గరికి వచ్చేసరికి తూకం పూర్తిగా మారిపోతుంది.

2013 డిసెంబరులో టెక్సస్‌లోని మార్షల్ అనే ఊళ్లో, ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే యువతిని ఆమెకు దూరంగా ఉంటున్న భర్త పొడిచి చంపాడు. ఆమె తొమ్మిదేళ్ల కూతురు ఆ గది ఫోన్ తీసుకుని 911 నొక్కింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కాల్ వెళ్లలేదు. అక్కడ బయటి లైనుకు ముందు 9 నొక్కాలి. ఆపదలో 911 నొక్కమని ఆ బిడ్డకు పెద్దలు నేర్పిన పాఠం సరైనదే, ఆమె చేసిందీ సరైనదే. హోటల్ ఫోన్‌కు ముందు ఇంకో తొమ్మిది కావాలని ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ ఉండకూడదు. కారీ తండ్రి హ్యాంక్ హంట్ పట్టువిడవకుండా పోరాడాడు. 2018 ఫిబ్రవరి 16న కారీ పేరుతోనే సమాఖ్య చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత తయారయ్యే, అమ్మే, బిగించే బహుళ లైన్ల ఫోన్ వ్యవస్థలన్నిటిలో ముందు ఏ అంకే లేకుండా 911 నేరుగా వెళ్లాలి. కాల్ వెళ్లిన సంగతి అదే క్షణంలో రిసెప్షన్‌కు గానీ మరో బాధ్యుడికి గానీ తెలియాలి.

దీనికీ అభ్యంతరాలు ఉన్నాయి, అవి కొట్టిపారేసేవి కావు. అమెరికా హోటల్లో బయటి లైనుకు 9, దూరపు కాల్‌కు 1. పొరపాటున ఇంకో 1 తగిలితే 911 అవుతుంది. అక్కరలేని కాల్స్ పెరిగితే నిజంగా ఆపదలో ఉన్నవాడికి ఆలస్యమవుతుంది. మూడంకెల తర్వాత కొద్ది క్షణాలు ఆగి, ఇంకే అంకే రాకపోతేనే కాల్ పంపేలా టైమర్ పెట్టి దీన్ని చాలావరకు తగ్గించవచ్చు. బయటి లైను అంకెను 9 నుంచి 8కి మార్చినా తీరుతుంది. ఈ ఇబ్బందిని ఇంజనీర్ సరిచేయగలడు. మార్షల్‌లో జరిగినదాన్ని ఎవరూ సరిచేయలేరు.

మన దగ్గర అంతకంటే చిత్రమైన చిక్కు ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లే కనపడరు. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. 100 పోలీసు, 101 ఫైర్. అన్నిటికీ కలిపి 112 రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2019లో వచ్చింది. ఇప్పుడు ఏదైనా మూడంతస్తుల లాడ్జి మొదటి అంతస్తులో నడిచి చూడండి. తలుపుల మీద నంబర్లు 101, 102, 103... 108... 112. గది నంబరే ఎక్స్‌టెన్షన్ నంబరు. గుండె పట్టుకున్న మనిషి 108 నొక్కితే అంబులెన్స్‌కు వెళ్లదు, మొదటి అంతస్తు ఎనిమిదో గదిలో నిద్రపోతున్న ఎవరికో మోగుతుంది. 112 నొక్కినా అంతే. సున్నా నొక్కి 108 కొట్టాలని గుర్తొచ్చినా, ఆ గదికి బయటి లైన్ల తాళం ఉంటే అదీ వెళ్లదు.

ఎక్స్‌టెన్షన్ నంబర్లు మార్చమంటే యజమానులు వెనకాడతారు. గది నంబరు నొక్కితే ఆ గది పలకడం అందరికీ అలవాటైన సౌకర్యం. మార్చాలంటే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం, రిసెప్షన్ సాఫ్ట్‌వేర్, వేకప్ కాల్స్, ప్రతి ఫోన్ మీదా అంటించిన కాగితం అన్నీ మార్చాలి. ఇదంతా పనే. కానీ గది నంబరుకు ముందు ఒక 4 చేర్చి 4108 అంటే సరిపోయే పని. తలుపు మీద పలక మార్చనక్కరలేదు. ఆ తర్వాత 100, 101, 108, 112లను ఏ తాళమూ లేకుండా నేరుగా బయటి లైనుకు పంపవచ్చు.

ఇక్కడ యజమానులు చెప్పే ఇంకో మాటలో నిజం ఎక్కువే ఉంది. ఆపదలో అతిథి రిసెప్షన్‌కు చెప్పడమే మేలంటారు. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో, అంబులెన్స్ ఏ సందులోంచి రావాలో డెస్కు మీదున్నవాళ్లకు తెలుసు. బెంగాల్ నుంచి వచ్చిన యాత్రికుడు తిరుపతిలో తానున్న వీధి పేరు చెప్పలేడు. కాల్ అందుకున్నవాళ్లకు కనిపించేది హోటల్ ప్రధాన నంబరే కానీ గది నంబరు కాదు. ఇదంతా ఒప్పుకుంటాను. ఒంట్లో బాగోలేదనుకునే మామూలు సందర్భంలో రిసెప్షన్ దారే తొందరగా పనిచేస్తుంది కూడా. అయితే అర్ధరాత్రి డెస్కు మీద ఉండేది ఒక్కడు, ఆ ఒక్కడూ గేటు దగ్గరికి వెళ్లి ఉండవచ్చు. మంట కింది అంతస్తులోనే పుట్టి ఉండవచ్చు. గదిలోని మనిషికి ముప్పు సిబ్బందిలో ఒకరి నుంచే కావచ్చు. రిసెప్షన్ ఒక దారిగా ఉండాలి, ఒక్కటే దారిగా ఉండకూడదు. కాల్ నేరుగా వెళ్లాలి, అదే క్షణంలో ఏ గది నుంచి వెళ్లిందో డెస్కు మీద కనపడి మోగాలి. కారీ చట్టం పట్టుకున్న కీలకాంశం ఇదే, మన హోటళ్లకూ ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇక నా తీర్పు. విదేశీ కాల్స్‌కు తాళం ఉండాలి, అతిథి అడిగి డిపాజిట్ కడితే తీయాలి. ఇందులో యజమానిదే న్యాయం. దేశంలోని కాల్స్‌కు, అతిథి ఉన్నంతసేపూ, తాళం అక్కరలేదు. ఖాళీ గదికి ఉండాలి. 1800 నంబర్లను ఆపడానికి యజమానికి కారణమే లేదు. అత్యవసర నంబర్లు మాత్రం ఖాళీ గది నుంచి కూడా వెళ్లాలి, చెకిన్ లింకు తెగినా వెళ్లాలి. అతిథిగా వచ్చినవాడే కాదు, గది ఊడ్చే మనిషి కూడా అక్కడ కుప్పకూలవచ్చు. ఆపిన ప్రతి కాల్‌కూ ఎంగేజ్ టోన్ బదులు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక రికార్డింగ్ వినిపించాలి: ఈ ఫోన్ నుంచి ఈ కాల్ లేదు, రిసెప్షన్ నంబరు ఇది. చాలా ఎక్స్ఛేంజ్‌లలో ఆ సౌకర్యం ఉంటుంది, వాడుకోవడమే తక్కువ. తాళాలు మార్చినప్పుడల్లా తేదీ, మనిషి పేరు, కారణం ఎక్స్ఛేంజ్ గదిలో ఒక నోటుబుక్కులో రాయాలి. తర్వాత వచ్చే టెక్నీషియన్‌కు సగం పని తగ్గుతుంది.

హోటల్ నడిపేవాళ్లకు ఒక్క మనవి. ఈ వారంలో ఒక ఖాళీ గదిలోకి, ఒక మనిషి దిగిన గదిలోకి వెళ్లి స్వయంగా ఫోన్ ఎత్తండి. పక్క వీధిలోని మొబైల్‌కు, ఒక 1800 నంబరుకు కాల్ చేసి చూడండి. 112కు ఊరికే ఫోన్ చేసి అక్కడివాళ్లను ఇబ్బంది పెట్టవద్దు. ఆ నంబరు మీ ఎక్స్ఛేంజ్‌లో ఏ దారిన పోతుందో, ఏ గదికి మోగుతుందో మీ టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాంలో చూడండి. ఒక గదికి మోగుతుందని తేలితే, ఎక్స్‌టెన్షన్ నంబర్లు మార్చే పని ఆ రోజే మొదలుపెట్టించండి.